ఆలోచనల వేదికలో నిపుణులని ఎవరిని అనాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. కొత్త ఆలోచనలను నలుగురూ చూసి, విమర్శించి, మెరుగుపరిచే ఒక ఆన్‌లైన్ వేదికను మీరు నిర్వహిస్తున్నారు. సభ్యుల సంఖ్య వేలల్లోకి చేరాక ఎవరి మాటకు ఎంత బరువు ఇవ్వాలో కొత్తవారికి తెలియడం లేదు కనుక, కొందరి పేర్ల పక్కన ‘నిపుణులు’ అనే గుర్తు పెట్టాలనుకుంటున్నారు. ఆ గుర్తును చదువును బట్టి ఇవ్వాలా, పనిచేసిన ఏళ్లను బట్టి ఇవ్వాలా, సభ్యులు వేసిన ఓట్లను బట్టి ఇవ్వాలా అన్నది మీ సందేహం. నేను పదకొండేళ్లుగా ఇలాంటి రెండు వేదికలలో మోడరేటర్‌గా ఉన్నాను. ఈ మూడు పద్ధతులనూ ఏదో ఒక దశలో అమలుచేసి చూశాను. నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. చదువు, ఏళ్లు, ఓట్లు అనేవి నైపుణ్యం ఉండవచ్చునని సూచించే ఆనవాళ్లే తప్ప నైపుణ్యం కావు. తన నిర్ణయం తప్పయితే ఆ తప్పు తనకు తెలిసివచ్చే చోట చాలాకాలం పనిచేసి, ఆ తప్పుల వల్ల తన పద్ధతిని మార్చుకున్న మనిషే ఆ విషయంలో నిపుణుడు. ఆ గుర్తింపు కూడా ఆ ఒక్క విషయానికే చెందాలి గాని, ఆ మనిషికి శాశ్వతమైన బిరుదుగా మారకూడదు.

అనుభవజ్ఞుల గురించి చెప్పేటప్పుడు తెలుగులో మనం వాడే మాటలలోనే ఈ తేడా కనిపిస్తుంది. తలపండినవాడు అంటాం, చేయి తిరిగినవాడు అంటాం, ఢక్కామొక్కీలు తిన్నవాడు అంటాం. మొదటి మాట గడిచిన కాలాన్ని చెబుతుంది, రెండవది అభ్యాసాన్ని చెబుతుంది, మూడవది తగిలిన ఎదురుదెబ్బలను చెబుతుంది. మన వేదికలు కాలాన్ని, అభ్యాసాన్ని ఎంతో కొంత లెక్కపెడతాయి. ఎదురుదెబ్బలను లెక్కపెట్టడం కష్టం కనుక వాటిని వదిలివేస్తాయి. నా అనుభవంలో అసలు సమాచారం అక్కడే ఉంది.

ఈ అభిప్రాయానికి నేను పుస్తకాలు చదివి రాలేదు, ఒక పొరపాటు చేసి వచ్చాను. నేను పనిచేసిన మొదటి వేదిక చేతి పరికరాల రూపకల్పనకు సంబంధించినది. కీళ్లవాతం ఉన్నవారు సీసా మూతలను సులువుగా తీయడానికి వీలయ్యే ఒక పరికరాన్ని ఒక సభ్యుడు ప్రతిపాదించాడు. అప్పటికి మేము డిగ్రీలను పరిశీలించి నిపుణుల గుర్తులు ఇచ్చి ఉన్నాం. ఆ గుర్తు ఉన్న ఒక యంత్రశాస్త్ర ఇంజినీరు ఆ ఆలోచనను శ్రద్ధగా పరిశీలించి, పిడి పొడవు ఎంత ఉండాలో, ఏ ప్లాస్టిక్ ఎంత బరువును తట్టుకుంటుందో లెక్కలతో సహా రాశారు. ఆ లెక్కలలో తప్పేమీ లేదు. అదే చర్చలో, చాలా ఏళ్లుగా కీళ్లవాతంతో బాధపడుతున్న ఒక మహిళ, ఈ పరికరాన్ని వాడాలంటే బొటనవేలితో ఒక మీటను నొక్కి పట్టుకోవాలి కదా, ఉదయం లేచిన మొదటి గంటలో నా చేతికి అది సాధ్యం కాదు అని రెండు వాక్యాలు రాసింది. ఆమెకు ఎవరూ జవాబు ఇవ్వలేదు. మరునాడు, నిపుణులు బాగుందన్నారు కనుక నా వ్యాఖ్య అనవసరం అని చెప్పి ఆమె తన మాటలను తానే తొలగించుకుంది. ఎనిమిది నెలల తర్వాత ప్రతిపాదించిన సభ్యుడు నమూనాలు తయారుచేసి కొందరికి ఇచ్చినప్పుడు, ఉదయం పూట బొటనవేలితో నొక్కలేకపోతున్నామని దాదాపు అందరూ చెప్పారు. అతని డబ్బు, శ్రమ వృథా అయ్యాయి. ఆ ఇంజినీరు తన పరిధిలో తాను చెప్పవలసినది సరిగానే చెప్పారు గనుక తప్పు ఆయనది కాదు, మేము పెట్టిన గుర్తుది. ఆ గుర్తు మీద ‘పదార్థాల బలం’ అని ఉండి ఉంటే ఆమె తన వ్యాఖ్యను తొలగించేది కాదని నేను ఇప్పటికీ నమ్ముతున్నాను. ‘నిపుణుడు’ అని మాత్రమే ఉన్నందువల్ల, ఆయన మాట్లాడని విషయంలో కూడా ఆయనదే చివరి మాట అయిపోయింది.

ఇంతకంటే ఎంతో పెద్ద స్థాయిలో ఇదే జరిగిన సందర్భం ఒకటి చరిత్రలో ఉంది. 1986 ఏప్రిల్‌లో చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగిన తర్వాత, ఆ ధూళిని మోసుకువచ్చిన మేఘాలు ఇంగ్లండ్ వాయవ్య ప్రాంతంలోని కంబ్రియా కొండల మీద వర్షించాయి. గొర్రెలలో రేడియోధార్మిక సీజియం కనిపించడంతో జూన్‌లో వాటి తరలింపు, వధ మీద ప్రభుత్వం ఆంక్షలు విధించింది. ఆ ఆంక్షలు మూడు వారాలకు మించి అవసరం ఉండదని శాస్త్రవేత్తల అంచనా. బంకమట్టి నేలలో సీజియం మట్టికి అతుక్కుపోతుంది, గడ్డిలోకి మళ్లీ రాదు. వారి అంచనాకు ఆధారం ఆ నేలల మీద చేసిన అధ్యయనాలు. కొండల మీద ఉన్నది ఆమ్లగుణం కల పీట్ నేల, అంటే సగం కుళ్లిన మొక్కల అవశేషాలతో ఏర్పడిన నేల. అక్కడ సీజియం మళ్లీ మళ్లీ గడ్డిలోకి, గడ్డి నుంచి గొర్రెలలోకి చేరుతూనే ఉంటుంది. చివరి ఆంక్షలు తొలగింది 2012లో. ఆ వ్యవహారాన్ని దగ్గరగా అధ్యయనం చేసిన బ్రయన్ విన్ అనే సామాజిక శాస్త్రవేత్త నమోదు చేసిన ఒక వివరం నాకు ముఖ్యంగా తోస్తుంది. ప్రయోగం కోసం శాస్త్రవేత్తలు కొన్ని గొర్రెలను కంచెలు వేసిన చిన్న మడులలో ఉంచితే, బయలు కొండల మీద తిరగడానికి అలవాటుపడిన గొర్రెలు కంచెలో ఉంటే బక్కచిక్కిపోతాయి, ఫలితాలు పనికిరావు అని పెంపకందారులు ముందే చెప్పారు. ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత ఆ ప్రయోగాన్ని వదిలివేయవలసి వచ్చింది.

ఈ ఉదంతాన్ని చాలామంది ‘సామాన్యుల విజ్ఞానం శాస్త్రవేత్తల విజ్ఞానాన్ని ఓడించింది’ అన్న అర్థంలో చెబుతారు. నేను అలా చదవను. సీజియం గురించి శాస్త్రవేత్తలకు తెలిసినది పెంపకందారులకు తెలియదు. ఆ కొండ మీద ఆ గొర్రె ఎలా ప్రవర్తిస్తుందో పెంపకందారులకు తెలిసినంత శాస్త్రవేత్తలకు తెలియదు. నైపుణ్యం గురించి విస్తారంగా రాసిన హ్యారీ కాలిన్స్, రాబర్ట్ ఎవాన్స్ 2002లో సరిగ్గా ఈ మాటే అన్నారు. వారి వాదన ప్రకారం ఆ పెంపకందారులను ‘సామాన్యులు’ అనడమే పొరపాటు, వారు పట్టా లేని నిపుణులు. మీ వేదికకు ఈ తేడా చాలా అవసరం. ‘అందరూ నిపుణులే’ అన్నది వేరు, ‘నిపుణులందరికీ పట్టాలు ఉండవు’ అన్నది వేరు. మొదటి మాటను అంగీకరించిన వేదికలో గట్టిగా మాట్లాడేవారిదే రాజ్యం అవుతుంది. రెండవ మాటను అంగీకరిస్తే, పట్టా లేనివారి నైపుణ్యాన్ని గుర్తించే మార్గం వెతకవలసిన బాధ్యత మీ మీద పడుతుంది.

ఇక మీరు అడిగిన మూడు ఆనవాళ్ల సంగతి చూద్దాం. డిగ్రీని తేలికగా తీసివేయవద్దు. ఒక విషయంలో పట్టా పొందిన మనిషి కొన్ని సంవత్సరాల పాటు తనకంటే ఎక్కువ తెలిసినవారి చేత దిద్దించుకున్నాడని అర్థం, అది చిన్న విషయం కాదు. కాని ఆ దిద్దుబాటు జరిగినది ఒక పరిధిలో మాత్రమే. లైనస్ పాలింగ్ కంటే గొప్ప రసాయన శాస్త్రవేత్తలు గత శతాబ్దంలో చాలా తక్కువ మంది. 1954లో రసాయన శాస్త్రంలో, 1962 సంవత్సరానికి శాంతికి నోబెల్ బహుమతులు అందుకున్నారు. ఆయన 1970 తర్వాత విటమిన్ సి ని పెద్ద మోతాదులో తీసుకుంటే జలుబు రాదని, ఆపైన క్యాన్సర్‌కు కూడా ప్రయోజనం ఉంటుందని ప్రచారం చేశారు. తర్వాత జరిగిన నియంత్రిత పరీక్షలు ఆ మాటలను సమర్థించలేదు. అణువుల మధ్య బంధాల గురించి ఆయన ఊహ తప్పయితే ప్రయోగశాల ఆయనకు చెప్పేది. రోగుల విషయంలో ఆయనకు అలా చెప్పగల అలవాటైన వ్యవస్థ లేదు. అయినా ఆయన మీద గౌరవం మాత్రం ఒక రంగం నుంచి మరొక రంగానికి ఏ తనిఖీ లేకుండా ప్రయాణించింది.

ఆన్‌లైన్‌లో దీనికి మరొక చిక్కు తోడవుతుంది, అక్కడ డిగ్రీ ఉందో లేదో కూడా తెలియదు. 2007లో వికీపీడియాలో ఒక ప్రముఖ సభ్యుడు తాను మతశాస్త్ర ఆచార్యుడినని ప్రొఫైల్‌లో రాసుకున్నాడని, వాస్తవానికి ఇరవైల వయసులో ఉన్న, అలాంటి పట్టా ఏదీ లేని యువకుడని బయటపడింది. అప్పటికి అతనికి అక్కడ పెద్ద బాధ్యతలే ఉన్నాయి. వ్యాసాల విషయంలో వచ్చిన వాదనలలో లేని ఆ పట్టాను అతను ఆధారంగా చూపిన సందర్భాలు కూడా ఉన్నాయి. దీని నుంచి చాలామంది గ్రహించినది, పట్టాలను కట్టుదిట్టంగా తనిఖీ చేయాలని. నేను గ్రహించినది కొంచెం వేరు. ‘నేను ఆచార్యుడిని కనుక ఇది నిజం’ అన్న వాక్యాన్ని వాదనలో చెల్లనివ్వడమే మూలంలోని లోపం. ఆ వాక్యం చెప్పినది అసలైన ఆచార్యుడే అయినా చదివేవారికి అందులో పరిశీలించడానికి ఏమీ దొరకదు.

ఏళ్ల అనుభవం గురించి ఒక ప్రశ్న వేసుకుంటే చాలు, ఆ ఏళ్లలో ఫలితం ఎంత త్వరగా, ఎంత స్పష్టంగా ఎదురువచ్చింది? మనస్తత్వ శాస్త్రంలో డేనియల్ కానెమన్, గ్యారీ క్లైన్ ఈ విషయంలో భిన్న ధ్రువాల్లో ఉండేవారు. కానెమన్ నిపుణుల అంతర్బుద్ధిని, అంటే లెక్కలు వేయకుండానే తట్టే అంచనాను, అనుమానించేవారు, క్లైన్ అగ్నిమాపక దళాల నాయకుల వంటివారిని గమనించి దాన్ని గౌరవించేవారు. ఇద్దరూ ఏళ్ల తరబడి చర్చించుకుని 2009లో కలిసి ఒక వ్యాసం రాశారు. అంతర్బుద్ధిని నమ్మాలంటే రెండు షరతులు ఉండాలని వారు అంగీకారానికి వచ్చారు: ఆ రంగంలో గుర్తుపట్టదగిన క్రమం ఉండాలి, ఆ క్రమాన్ని నేర్చుకునేంతగా ఫలితాలు తిరిగి మనిషికి చేరుతూ ఉండాలి. మంటలు ఆర్పేవాడికి తన అంచనా తప్పో ఒప్పో కొద్ది నిమిషాలలో తెలుస్తుంది. దేశాల రాజకీయ భవిష్యత్తును ఊహించేవాడికి ఏళ్లు పట్టవచ్చు, తెలిసేనాటికి కారణాలు కలగలిసిపోతాయి. మనస్తత్వ శాస్త్రవేత్త ఫిలిప్ టెట్లాక్ 284 మంది రాజకీయ, ఆర్థిక విశ్లేషకుల అంచనాలను దాదాపు రెండు దశాబ్దాల పాటు సేకరించి 2005లో ఫలితాలు ప్రచురించినప్పుడు, ప్రసార మాధ్యమాలలో ఎక్కువగా కనిపించేవారి అంచనాలు తక్కువగా కనిపించేవారి కంటే బలహీనంగా ఉన్నాయని తేలింది. కనుక ‘ఇరవై ఏళ్ల అనుభవం’ అని ఒకరు రాసుకున్నప్పుడు నేను ఆ సంఖ్యను చూడను, ఆ పని ఎలాంటిదో చూస్తాను. వంద గోడలు కట్టి, కొన్ని బీటలు వారడం కళ్లారా చూసిన మనిషి ఇరవై ఏళ్లూ, సలహా ఇచ్చి ఫలితం చూడకుండా వెళ్లిపోయే మనిషి ఇరవై ఏళ్లూ ఒకటి కావు.

ఓట్లు, పాయింట్ల పద్ధతి పైకి అన్నిటికంటే న్యాయంగా కనిపిస్తుంది, అందరూ కలిసి నిర్ణయిస్తారు కనుక. సమూహపు అంచనా గొప్పగా పనిచేసిన సందర్భాలు లేకపోలేదు. 1907లో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే శాస్త్రవేత్త ఒక పశువుల ప్రదర్శనలో ఎద్దు మాంసపు బరువును ఊహించే పోటీకి వచ్చిన 787 చీటీలను తీసి లెక్క కడితే, వాటి మధ్య విలువ 1207 పౌండ్లు, అసలు బరువు 1198 పౌండ్లు. అయితే అక్కడ ప్రతి ఒక్కరూ తమ అంచనాను విడిగా రాసి ఇచ్చారు. మన వేదికలలో రెండవ ఓటు వేసేవాడు మొదటి ఓటును చూసి వేస్తాడు. 2013లో లెవ్ ముచ్నిక్, సినాన్ అరల్, షాన్ టేలర్ ప్రచురించిన ఒక ప్రయోగంలో, వార్తలు పంచుకునే ఒక వెబ్‌సైట్‌లోని లక్షకు పైగా వ్యాఖ్యలలో కొన్నింటికి యాదృచ్ఛికంగా, వాటి నాణ్యతతో సంబంధం లేకుండా, మొదటే ఒక అనుకూల ఓటు వేశారు. ఆ వ్యాఖ్యను తర్వాత చూసిన మొదటి వ్యక్తి కూడా అనుకూలంగా ఓటు వేసే అవకాశం 32 శాతం పెరిగింది. వాటికి చివరికి వచ్చిన రేటింగు సగటున 25 శాతం పెరిగింది. ఒక్క ఓటుకు అంత బలం ఉంటే, పేరు పక్కన నిపుణుల గుర్తుకు ఎంత బలం ఉంటుందో ఆలోచించండి. గుర్తు వల్ల ఓట్లు, ఓట్ల వల్ల మళ్లీ గుర్తు అన్న వలయం ఒకసారి మొదలైతే అది తనంతట తాను ఆగదు.

పాయింట్లలో మరొక లోపం కూడా ఉంది, అది మా రెండవ వేదికలో నాకు స్పష్టంగా కనిపించింది. ఎక్కువ పాయింట్లు వచ్చేది ఎక్కువమందికి అర్థమయ్యే సులువైన ప్రశ్నలకు త్వరగా జవాబు ఇచ్చేవారికి. నలుగురైదుగురికి మాత్రమే అర్థమయ్యే చిక్కు ప్రశ్నకు రెండు రోజులు కూర్చుని జవాబు రాసినవారికి మూడు ఓట్లు వస్తాయి. పాయింట్లు కొలిచేది ఓపికను, చురుకుదనాన్ని, స్పష్టంగా రాయగల నేర్పును. ఈ గుణాలు కూడా వేదికకు అవసరమే, వాటికి వేరే పేరుతో గౌరవం ఇవ్వండి, అది వారికి దక్కవలసినదే. కాని నైపుణ్యం అన్న పేరు మాత్రం పెట్టకండి.

ఇంతవరకు చెప్పినది ఏ సలహా వేదికకైనా వర్తిస్తుంది. మీది ఆలోచనల వేదిక, అందువల్ల ఇంకొక చిక్కు ఉంది, నా దృష్టిలో అదే అన్నిటికంటే లోతైనది. కొత్త ఆలోచనకు పాత ఫలితాలు ఉండవు. మరి దానిలో నిపుణుడు ఎవరు? ఈ విషయంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన అధ్యయనం లార్స్ బో యెపెసెన్, కరీం లఖానీ 2010లో ప్రచురించినది. సంస్థలు తమ ప్రయోగశాలల్లో పరిష్కరించుకోలేకపోయిన శాస్త్ర సమస్యలను బయటివారి ముందు ఉంచే ఇన్నోసెంటివ్ అనే వేదికలో 166 సమస్యలను వారు పరిశీలించారు. సమస్య ఏ రంగానికి చెందినదో ఆ రంగానికి పరిష్కర్త తన నైపుణ్యం ఎంత దూరమని భావిస్తే, గెలిచే అవకాశం అంత ఎక్కువగా ఉందని తేలింది. దీన్ని చూసి, నిపుణులు అక్కర్లేదన్నమాట అనుకునేవారు ఉన్నారు. ఆ గెలిచినవారిలో చాలామంది ఏదో ఒక రంగంలో ఆరితేరినవారే అని, ఒక రంగంలో పరీక్షకు నిలిచిన పద్ధతిని వారు మరొక రంగంలోకి తీసుకువచ్చారని వారు మరచిపోతారు. వారి జవాబు పనిచేస్తుందో లేదో చూసి తేల్చినది ఓట్లు కాదు, సమస్య ఇచ్చిన సంస్థే తన అవసరానికి ఎదురుగా పెట్టి పరిశీలించింది. బయటివారి ఊహకు విలువ వచ్చింది ఆ పరిశీలన ఉన్నందువల్లనే.

ఎవరు బాగా అంచనా వేయగలరన్న విషయంలో జస్టిన్ బర్గ్ 2016లో ప్రచురించిన అధ్యయనం కూడా మీకు ఉపయోగపడుతుంది. సర్కస్ కళారంగంలో కొత్త ప్రదర్శనలు ప్రేక్షకులకు ఎంత నచ్చుతాయో ముందుగా ఊహించమని సృష్టికర్తలను, ఎంపిక చేసే నిర్వాహకులను అడిగితే, ఇతరుల కొత్త ఆలోచనల విషయంలో నిర్వాహకుల కంటే సృష్టికర్తల అంచనాలే వాస్తవానికి దగ్గరగా వచ్చాయి. తమ సొంత ఆలోచనల విషయంలో మాత్రం వారికి ఆ పైచేయి లేదు. నా అనుభవం దీనితో పూర్తిగా ఏకీభవిస్తుంది. ఆలోచనలను జల్లెడ పట్టడమే పనిగా పెట్టుకున్నవారికి కాలక్రమంలో ఒక మూస ఏర్పడుతుంది. తాము కూడా ఆలోచనలు చెప్పి, కొన్ని విఫలమై, కొన్ని నిలిచినవారు ఇతరుల ఆలోచనలోని పనికివచ్చే భాగాన్ని వేరుచేసి చూడగలుగుతారు. వారి విమర్శ మాటతీరులోనే తెలిసిపోతుంది. ‘ఇది జరగదు’ అని వారు అనరు. ‘దీన్ని ఇంతకుముందు ఈ రూపంలో ప్రయత్నించారు, ఈ కారణం వల్ల ఆగిపోయింది, ఆ కారణం ఇప్పుడు కూడా ఉందో లేదో చూడండి’ అంటారు. ఆలోచనల వేదికలో నైపుణ్యానికి ఒకే ఒక గుర్తు చెప్పమంటే నేను ఈ వాక్యాన్ని చూపిస్తాను. ఆ వాక్యం చెప్పాలంటే ఆ రంగంలోని వైఫల్యాలు తెలియాలి, వాటి కారణాలు తెలియాలి, ఆ కారణాలు శాశ్వతం కావన్న వినయం ఉండాలి.

ఇప్పుడు ఆచరణలో ఏం చేయాలో చెబుతాను. మేము చాలా మార్పుల తర్వాత ఒక పద్ధతిలో స్థిరపడ్డాం, అది లోపాలు లేనిది కాదు గాని మునుపటివాటి కంటే మేలు. పేరు పక్కన ‘నిపుణుడు’ అన్న మాట పూర్తిగా తీసివేసి, విషయం పేరు మాత్రమే ఉంచుతాం, అది ఎంత ఇరుకుగా ఉంటే అంత మంచిది. ‘ఆరోగ్యం’ అని రాయం, ‘మోకాలి శస్త్రచికిత్స తర్వాతి వ్యాయామం’ అని రాస్తాం. ఆ గుర్తు కోరేవారిని మూడు ప్రశ్నలు అడుగుతాం. ఈ విషయంలో మీరు స్వయంగా చేసినది ఏమిటి? మీరు గట్టిగా నమ్మి తర్వాత మార్చుకున్న అభిప్రాయం ఏది, దేని వల్ల మార్చుకున్నారు? ఈ విషయంలో ఏ ప్రశ్న వస్తే మీరు మరొకరి దగ్గరకు పంపుతారు? మొదటి ప్రశ్నకు అందరూ బాగా జవాబు రాస్తారు. మిగిలిన రెండింటి దగ్గర తేడా తెలుస్తుంది. నిజంగా పని చేసినవారు రెండవ ప్రశ్నకు పేజీలు రాస్తారు. పని చేయనివారు దాన్ని అవమానంగా భావిస్తారు, లేదా చాలా చిన్న విషయం ఒకటి చెప్పి సరిపెడతారు. మూడవ ప్రశ్నకు స్పష్టమైన జవాబు ఇవ్వలేనివారికి గుర్తు ఇవ్వకపోవడమే మంచిదని నా దృఢమైన అభిప్రాయం. వారు చెడ్డవారని కాదు, తమ జ్ఞానం ఎక్కడ ఆగుతుందో తెలియనివారి మాటను కొత్తవారు హద్దు లేకుండా నమ్మే ప్రమాదం ఉంది కాబట్టి.

ఆ గుర్తుకు గడువు ఉండాలి. మేము రెండేళ్లు పెట్టాం. గడువు ముగిసినప్పుడు ఎన్ని జవాబులు రాశారని చూడం, రాసిన జవాబులలో ఎన్నింటిని తర్వాత తామే సవరించారో చూస్తాం. సవరణను పాత జవాబు కిందనే తేదీతో చూపించే ఏర్పాటు చేయండి, దానికి గౌరవం దక్కేలా చూడండి. మొదట్లో సభ్యులు సవరణను ఓటమిగా భావిస్తారు. వేదికలో పెద్దలు ఇద్దరు ముగ్గురు ముందుగా తమ తప్పులను తామే దిద్దుకుని చూపిస్తే ఆ సంకోచం పోతుంది. ఈ ఒక్క అలవాటు నిలబడితే మిగిలిన నియమాలు చాలావరకు అక్కర్లేదు. కొత్త ఆలోచన పోస్టు చేసిన మొదటి మూడు రోజులు ఓట్ల సంఖ్యను దాచండి, విషయపు గుర్తులను కూడా దాచండి. సభ్యులు ముందుగా మాటను చదవాలి, తర్వాతే మనిషిని చూడాలి.

నిపుణులను గుమ్మం దగ్గర కాపలా పెట్టవద్దని కూడా చెప్పాలి. 2000లో మొదలైన నుపీడియా అనే ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వం, ప్రతి వ్యాసం నిపుణుల ఏడు దశల పరిశీలన దాటితేనే ప్రచురించాలని నియమం పెట్టుకుంది. మూడేళ్లలో అది పూర్తిచేయగలిగినవి రెండు డజన్ల వ్యాసాలు మాత్రమే. దానికి తోడుగా 2001 జనవరిలో మొదలైన వికీపీడియా ముందుగా రాయనిచ్చి, తర్వాత ఆధారాలు అడిగింది. ఆలోచనలకు ఈ రెండవ పద్ధతే సరిపోతుంది, ఎందుకంటే పుట్టినప్పుడు ప్రతి ఆలోచనా అసంపూర్ణంగానే ఉంటుంది.

దీనికి ఒక మినహాయింపు ఉంది, అక్కడ నేను రాజీపడను. తప్పు జరిగితే మనిషి ప్రాణానికి లేదా ఆరోగ్యానికి ముప్పు వచ్చే విషయాలలో, అంటే మందుల మోతాదు, విద్యుత్ తీగల అమరిక, కట్టడాల భద్రత వంటి వాటిలో, పట్టాను తనిఖీ చేయకుండా ఏ గుర్తూ ఇవ్వకండి. అక్కడ తప్పు నుంచి నేర్చుకునే అవకాశాన్ని చదివేవారి శరీరాల మీద పెట్టకూడదు. ఆ విషయాలలో కూడా పట్టా లేనివారి అనుభవాన్ని చెప్పనివ్వండి, కాని అది అనుభవమని స్పష్టంగా కనిపించాలి.

మరొక సంగతి ఈ మధ్యకాలంలో తీవ్రమైంది. పూర్వం ఒక జవాబు క్రమబద్ధంగా, ధీమాగా, వ్యాకరణ దోషాలు లేకుండా ఉంటే రాసినవారికి విషయం తెలుసునని కొంతవరకు అనుకునేవాళ్లం. 2022 డిసెంబరులో ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల వేదిక స్టాక్ ఓవర్‌ఫ్లో, చాట్‌జీపీటీ రాసిన జవాబులను పోస్టు చేయడాన్ని నిషేధించింది. అవి చూడటానికి సరిగ్గా ఉన్నట్టు కనిపిస్తూనే తరచుగా తప్పుగా ఉండటం, అవి వచ్చిపడే వేగానికి పరిశీలించేవారు సరిపోకపోవడం ఆ నిర్ణయానికి కారణాలు. శైలిని బట్టి నైపుణ్యాన్ని ఊహించే రోజులు అక్కడితో పోయాయి. అందుకే ఇప్పుడు మేము ప్రతి జవాబులోనూ ‘ఇది మీకు ఎలా తెలుసు’ అన్న ఒక వరుసను తప్పనిసరి చేశాం. చేసి చూశాను, చదివాను, విన్నాను, ఊహిస్తున్నాను. వీటిలో ఏదైనా ఆమోదయోగ్యమే. ఊహిస్తున్నానని నిజాయితీగా రాసిన జవాబులు మా వేదికలో మంచి చర్చలకు దారితీశాయి. దీనితోపాటు, ప్రతిపాదించిన ఆలోచన వల్ల తమకు ఆర్థిక లాభం ఉంటే ఆ విషయం కూడా అక్కడే చెప్పాలన్న నియమం పెట్టండి.

ఇదంతా చాలా శ్రమతో కూడుకున్నదని మీకు అనిపించవచ్చు, నిజమే. ఒక్కసారిగా అన్నీ మొదలుపెట్టకండి. మీ వేదికలో ఇప్పటికే కొందరికి సాధారణ గుర్తులు ఇచ్చి ఉంటే, వాటిని హఠాత్తుగా తీసివేయడం వారిని నొప్పిస్తుంది. ముందుగా వారితో విడిగా మాట్లాడి, వారి విషయాన్ని వారినే ఇరుకుగా నిర్వచించుకోమని అడగండి. మేము అలా అడిగినప్పుడు నేను మొదట చెప్పిన ఆ ఇంజినీరు అందరికంటే ముందుగా స్పందించారు. ‘పదార్థాల బలం, ప్లాస్టిక్ భాగాలు’ అని తన విషయాన్ని తానే రాసుకుని, ‘వాడేవారి చేతుల గురించి నన్ను అడగవద్దు’ అని కింద ఒక వాక్యం చేర్చారు. తన వ్యాఖ్యను తొలగించుకున్న ఆ మహిళకు నేను స్వయంగా ఉత్తరం రాసి క్షమాపణ చెప్పి, తిరిగి రమ్మని అడిగాను. ఆమె రావడానికి చాలా నెలలు పట్టింది. ఇప్పుడు ఆమె పేరు పక్కన ‘ఉదయపు కీళ్ల బిగుతు, చేతి పరికరాల వాడకం’ అని ఉంటుంది. మూత తీసే పరికరం రెండవ నమూనాలో బొటనవేలి మీట లేదు. అరచేతి బరువుతో పనిచేసే పలక ఉంది. ఆ పలక ఎక్కడ ఉండాలో ఆమె చెప్పింది, ఎంత మందం ఉండాలో ఆయన లెక్కకట్టారు.